గోడ మూసుకోకముందే చూడవలసినవి: ఇంటి వైరింగుకు సమగ్ర మార్గదర్శి

మా అక్కావాళ్ల ఇల్లు చంద్రగిరిలో. ఒక మే నెలలో ఫోను చేసి, "తమ్ముడూ, వాషింగ్ మెషీను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. చెప్పులు వేసుకుంటే ఏమీ తెలియడం లేదు" అంది. వెళ్లి చూశాను. ప్లగ్గులో మూడు పిన్నులూ బాగున్నాయి. సాకెట్టు విప్పితే పచ్చ వైరు స్క్రూ కింద గట్టిగానే ఉంది. డీబీలో, అంటే గదుల లైన్ల మీటలన్నీ ఉండే పెట్టెలో, పచ్చ వైర్లన్నీ ఒకే ఇత్తడి పట్టీకి చక్కగా బిగించి ఉన్నాయి. ఇక చూడవలసింది పెరట్లోని ఎర్త్ గుంట ఒక్కటే. సిమెంటు మూత ఎత్తితే లోపల ఎండిపోయిన బొగ్గుపొడి, పైపు మెడ చుట్టూ తెల్లగా పేరుకున్న ఉప్పు పెచ్చు కనిపించాయి. ఇంట్లోంచి వచ్చిన ఇనుప తీగను వేలితో కదిపాను. క్లాంపు దగ్గర తుప్పు పొడిలా రాలి, తీగ నా చేతిలోకి వచ్చేసింది.

పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ప్రతి సాకెట్టుకూ ఎర్త్ ఉందనే అందరూ అనుకున్నారు. ఆ తీగ నేలను వదిలేసి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. పైగా పచ్చ వైర్లన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉన్నాయి కాబట్టి, వాషింగ్ మెషీనులో లీకైన కరెంటు ఫ్రిజ్ తలుపు దాకా, గ్రైండరు డ్రమ్ము దాకా పాకింది.

వైరింగులో ప్రాణాన్ని కాపాడేవన్నీ కంటికి కనబడనివే. గోడలోని వైరు మందం, నేలలోని ఎర్త్, డీబీ మూత వెనుక ఉండే మీట. ఇల్లు కట్టేవాళ్లు స్విచ్చు ప్లేట్ల రంగు కోసం షాపులో రెండు గంటలు నిలబడతారు, వైరు విషయంలో మాత్రం "ఏదో ఒకటి వేసేయండి" అంటారు. నేను ఈ పనిలో ఉన్నవాణ్ణి. తిరుపతిలో, చిత్తూరులో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, పాత ఇంటికి వైరింగు మార్పించుకుంటున్నవాళ్లు, గోడ పూత పడకముందే పక్కన నిలబడి అడగవలసినవి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మీ చేతి పని ఎంతవరకు

బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు పాడైతే అదే సామర్థ్యం ఉన్న కొత్తది బిగించుకోవడానికి భద్రతా నిబంధనలు ఒప్పుకుంటాయి. కొత్త లైను లాగడం, కొత్త పాయింటు పెట్టడం, ఉన్న వైరింగును మార్చడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. కాబట్టి ఈ మార్గదర్శిని రెండు విధాలుగా వాడుకోండి: చిన్న పనులు సురక్షితంగా చేసుకోవడానికి, పెద్ద పనులు సరిగ్గా చేయించుకోవడానికి.

ఏ చిన్న పనికైనా ముందు కరెంటు తీసేయాలి. మన ఇళ్లలో ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. మెయిన్ స్విచ్చు దించినా ఇన్వర్టరు తన లైన్లకు 230 వోల్టులు పంపుతూనే ఉంటుంది. వీధిలో కరెంటు పోయిందనుకుని అది ఇంకా ఉత్సాహంగా పనిచేస్తుంది. అందుకే మెయిన్ దించాక ఇన్వర్టరును కూడా ఆపి, దాని అవుట్‌పుట్ ప్లగ్గు తీసేయండి. తర్వాత డీబీ తలుపు మీద "పని జరుగుతోంది, వేయవద్దు" అని కాగితం అంటించండి. ఇంట్లో ఫ్యాను ఆగిందని పెద్దవాళ్లు వెళ్లి మీట ఎత్తేయడం చాలా చోట్ల చూశాను.

కరెంటు లేదని నిర్ధారించుకోవడానికి మూడు అడుగులు. టెస్టరును ముందుగా, మెయిన్ దించకముందే, కరెంటు ఉన్న సాకెట్టులో పెట్టి అది వెలుగుతోందో లేదో చూడండి. తర్వాత పని చేయవలసిన చోట పెట్టండి. ఆ తర్వాత మళ్లీ కరెంటు ఉన్న సాకెట్టులో, అవసరమైతే పక్కింట్లో, పెట్టి చూడండి. మధ్యలో టెస్టరే పాడైపోతే, కరెంటు ఉన్న వైరునే లేదనుకుని పట్టుకుంటారు. ఇంకొక సంగతి: సాకెట్టు రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలిగి, బల్బు మాత్రం వెలగకపోతే ఎక్కడో న్యూట్రల్ తెగిందని అనుమానించాలి. అప్పుడు నల్ల వైరు కూడా ప్రాణం తీయగలదు.

కరెంటు నడిచే దారి

స్తంభం నుంచి మీటరుకు, మీటరు నుంచి మెయిన్‌కు, అక్కడి నుంచి డీబీకి, డీబీ నుంచి గదులకు. ఫేజు తెస్తుంది, న్యూట్రల్ తిరిగి తీసుకెళుతుంది, ఎర్త్ మామూలు రోజుల్లో ఖాళీగా ఉండి ఆపద రోజున పనికొస్తుంది. మన దగ్గర ఫేజుకు ఎరుపు, పసుపు, నీలం రంగులు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు పచ్చ వాడుతున్నారు. కాయిల్ అయిపోయిందని పచ్చ వైరును ఫేజుగా లాగే పనివాళ్లు ఉన్నారు. ఒప్పుకోవద్దు. పదేళ్ల తర్వాత ఆ బోర్డు విప్పే మనిషి రంగును నమ్మే చెయ్యి పెడతాడు.

ముందు కాగితం మీద లెక్క

ఒక రెండు పడక గదుల ఇల్లు తీసుకుందాం. పన్నెండు ఎల్‌ఈడీ బల్బులు కలిపి 120 వాట్లు, ఐదు మామూలు ఫ్యాన్లు 375, ఫ్రిజ్ 200, టీవీ 100, మిక్సీ 750, గ్రైండరు 200, ఇస్త్రీ పెట్టె 1000, వాషింగ్ మెషీను 500, గీజరు 2000, ఒకటిన్నర టన్నుల ఏసీ 1600, ఒక హార్స్‌పవర్ మోటారు 1100. హార్స్‌పవర్ అంటే 746 వాట్లే కదా అని అడగవచ్చు. అది మోటారు బయటకు ఇచ్చే శక్తి. లైను నుంచి తీసుకునేది అంతకన్నా ఎక్కువ. మొత్తం దాదాపు 8 కిలోవాట్లు. ఇవన్నీ ఒకేసారి నడవవు. మే నెలలో ఏసీ వేసుకునేవాళ్లు గీజరు వేయరు. ఒకేసారి 5 కిలోవాట్లు అనుకుంటే, 5000ను 230తో భాగించగా సుమారు 22 ఆంపియర్లు. మెయిన్ వైరు, మెయిన్ మీట ఈ అంకెను దాటి, రేపు వచ్చే రెండో ఏసీకి కూడా చోటు ఉంచి నిర్ణయించాలి. ఇంత ఇంటికి మెయిన్‌లో నేను 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయిస్తాను.

వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. గీజరుకు 8.7, ఏసీకి 7, ఇస్త్రీ పెట్టెకు 4.3. మోటార్ల విషయంలో ఈ భాగహారం పూర్తి నిజం చెప్పదు. మొదలయ్యే క్షణంలో అవి మామూలు కన్నా ఐదారు రెట్లు లాగుతాయి. వేసవి రాత్రుల్లో వోల్టేజీ పడిపోయినప్పుడు గీజరు తక్కువ కరెంటు తీసుకుని నెమ్మదిగా వేడెక్కుతుంది, నీళ్ల మోటారు మాత్రం అదే బరువు మోయడానికి ఎక్కువ కరెంటు లాగి వేడెక్కిపోతుంది. ఎండాకాలంలో బోరు మోటార్లు కాలిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

వైరు, దాన్ని కాపాడే మీట

షాపులో "ఒకటిన్నర వైరు", "రెండున్నర వైరు" అని అడుగుతాం. అది రాగి అడ్డకోత వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో. లైట్లకు, ఫ్యాన్లకు ఒకటిన్నర. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్, వాషింగ్ మెషీను పెట్టే 16 ఆంపియర్ల సాకెట్లకు రెండున్నర. ఏసీకి, గీజరుకు నాలుగు. ప్రతి ఏసీకీ ప్రతి గీజరుకూ డీబీ నుంచి విడిగా సొంత లైను ఉండాలి, మధ్యలో ఇంకే పాయింటూ తగిలించకూడదు.

సన్న వైరు వేస్తే ఏమవుతుందో లెక్క వేసి చూపిస్తాను. డీబీ నుంచి బాత్రూము వరకు వైరు దారి 15 మీటర్లు అనుకోండి. వెళ్లడానికి, రావడానికి కలిపి 30 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుకు ఈ పొడవులో నిరోధం సుమారు 0.58 ఓమ్‌లు. 8.7 ఆంపియర్లు పారితే గోడ లోపల 44 వాట్ల వేడి పుడుతుంది. రెండున్నర వైరులో 18 వాట్లు, నాలుగు వైరులో 11 వాట్లు. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పడమటి గోడ రాత్రి దాకా చల్లారదు. పైపులో గాలి ఆడదు. వైరు డబ్బా మీద రాసిన ఆంపియర్లు ఇంత వేడిలో నాలుగైదు వైర్లతో కలిసి ఒకే పైపులో ఇరుక్కున్న వైరుకు వర్తించవు. తొడుగు ఏటికేడు గట్టిపడి, పగిలి, ఒకరోజు కాలిన వాసన వస్తుంది.

కొనేటప్పుడు వైరు మీద ఐఎస్ 694 అన్న ముద్ర, ఐఎస్‌ఐ గుర్తు ఉన్నాయా చూడండి. మంటను పాకనివ్వని తొడుగు ఉన్న రకం అడగండి. ఇంకా మంచిది, కాలినా తక్కువ పొగ వచ్చే ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ రకం. కాయిల్ సాధారణంగా 90 మీటర్లు ఉంటుంది.

ఇక ఎంసీబీ, అంటే ఎక్కువ కరెంటు పారితే తనంతట తానే పడిపోయే మీట. ఇది కాపాడేది వైరును, ఫ్రిజ్‌నో టీవీనో కాదు. ఒకటిన్నర వైరుకు 6 లేదా 10 ఆంపియర్లు, రెండున్నరకు 16, నాలుగు వైరుకు 20 ఆంపియర్ల ఎంసీబీ పెట్టండి. బి రకం ఎంసీబీ తన రేటింగుకు మూడు నుంచి ఐదు రెట్ల కరెంటుకు తక్షణం పడిపోతుంది, సి రకం ఐదు నుంచి పది రెట్లకు. అందుకే లైట్లకు, గీజరుకు బి, ఏసీకి, మోటారుకు సి. మీట మాటిమాటికీ పడిపోతోందని 16 తీసి 32 పెట్టించుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ రోజు నుంచి మీట పడదు, గోడలోని వైరు కాలుతుంది. మీట పడుతోందంటే ఎక్కడ ఎక్కువ లోడు ఉందో, ఎక్కడ తొడుగు చెడిందో వెతకాలి.

లైట్లు, ఫ్యాన్ల లైనుకు పది పాయింట్లు, 800 వాట్లు దాటనివ్వకపోవడం పాత పద్ధతి. ఇప్పటికీ మంచి పద్ధతే.

స్లాబు రోజు

పైపులు 20 లేదా 25 మిల్లీమీటర్ల పీవీసీవి, మందం ఉన్న రకం. స్లాబులో వేసేవి కింది కమ్మీల పైన పరిచి బైండింగ్ వైరుతో కట్టాలి, ఫ్యాను బాక్సుల నోళ్లు కాగితంతోనో థర్మోకోల్‌తోనో మూయాలి. కాంక్రీటు పోసేవాళ్లు పైపుల మీద నడుస్తారు, వైబ్రేటరు తగులుతుంది. ఆ పూట ఎలక్ట్రీషియన్‌ను అక్కడే ఉంచండి. ఒక్క మూల విరిగితే ఆ గదికి వైరు ఇక ఎప్పటికీ వెళ్లదు. పైపు వైశాల్యంలో 40 శాతానికి మించి వైర్లు నింపకూడదు. ఇంటర్నెట్, టీవీ వైర్లకు విడి పైపు.

గోడలకు గాడి కొట్టి పైపులు బిగించాక, పూతకు ముందు, ప్రతి గోడ పక్కన కొలత టేపు నిలబెట్టి ఫోటో తీయండి. నేను ఇచ్చే సలహాల్లో అతి చౌకైనది ఇదే. ఐదేళ్ల తర్వాత దేవుడి పటానికి మేకు కొట్టేటప్పుడు ఆ ఫోటో విలువ తెలుస్తుంది.

ఇక్కడే ఇంకొక మాట ఎలక్ట్రీషియన్‌తో గట్టిగా చెప్పాలి: ప్రతి లైనుకూ దాని సొంత న్యూట్రల్ డీబీ దాకా రావాలి. వైరు ఆదా చేయడానికి రెండు గదుల న్యూట్రల్స్ కలిపేస్తే, తర్వాత ఇన్వర్టరు పెట్టినప్పుడు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే మీట) పెట్టినప్పుడు కారణం దొరకని తిప్పలు మొదలవుతాయి. చాలా ఇళ్లలో "ఆర్‌సీసీబీ ఊరికే పడుతోంది" అని దాన్ని పీకేసింది ఈ కలిసిన న్యూట్రల్ వల్లనే.

బోర్డు లోపల

ఫేజు వైరే స్విచ్చు గుండా వెళ్లాలి. న్యూట్రల్‌ను స్విచ్చు చేస్తే బల్బు ఆరుతుంది, హోల్డరులో మాత్రం కరెంటు నిలిచే ఉంటుంది. స్విచ్చు ఆపాం కదా అని స్టూలెక్కి బల్బు మార్చే మనిషి కింద పడతాడు. ఎదురుగా నిలబడి చూస్తే సాకెట్టులో పైన ఉన్న పెద్ద రంధ్రం ఎర్త్, కుడి వైపు ఫేజు, ఎడమ వైపు న్యూట్రల్.

వైరు బిగింపు గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇళ్లలో నేను చూసిన కాలిన బోర్డుల్లో ఎక్కువ భాగం వదులు స్క్రూ వల్ల కాలినవే. తొడుగును ఒక సెంటీమీటరు మేర తీయాలి. పళ్లతో కాదు, స్ట్రిప్పరుతో. పళ్లతోనో బ్లేడుతోనో తీస్తే సన్న పోగులు రెండు మూడు తెగుతాయి, ఆ మేరకు రెండున్నర వైరు సన్నబడిపోతుంది. పోగులను కుడివైపుకు గట్టిగా మెలిపెట్టి, సన్న వైరయితే మడిచి రెండు వరుసలు చేసి, రంధ్రంలోకి పూర్తిగా దూర్చి స్క్రూ బిగించాలి. రాగి బయటకు కనిపించకూడదు, తొడుగు స్క్రూ కింద నలగకూడదు. తర్వాత వైరును వేళ్లతో పట్టుకుని గట్టిగా లాగండి. రాకపోతేనే బిగింపు. వారం తర్వాత ఇంకొకసారి స్క్రూ తిప్పండి. కొత్త పోగులు సర్దుకున్నాక పావు చుట్టు వదులు దొరుకుతుంది. పైపు మధ్యలో టేపు చుట్టిన అతుకు ఒక్కటి కూడా ఉండకూడదు. అతుకు అవసరమైతే తెరవగలిగిన జంక్షన్ బాక్సులోనే.

బాత్రూములో గీజరు స్విచ్చు తలుపు బయట, ఫేజును న్యూట్రల్‌ను రెండింటినీ తెంచే రకం.

ఎర్త్ గుంట

ప్రమాణం ప్రకారం నేలలో పాతే జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు ఎలక్ట్రోడు లోపలి వ్యాసం కనీసం 38 మిల్లీమీటర్లు, పొడవు కనీసం 2.5 మీటర్లు. పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయడం మనకు అలవాటు. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, అదే ఉప్పు ఇనుమును తినేస్తుంది. మా అక్క ఇంట్లో జరిగింది అదే. ఇప్పుడు బెంటొనైట్ మట్టితో చేసిన మిశ్రమాలు దొరుకుతున్నాయి, తేమను ఎక్కువ కాలం పట్టి ఉంచుతాయి. ఖర్చు కొంచెం ఎక్కువైనా వాటినే వాడండి.

శేషాచలం కొండల అంచున ఉన్న మన నేలలో ఇంకో చిక్కు ఉంది. నాలుగు అడుగులు తవ్వేసరికి బండ తగులుతుంది. పనివాళ్లు పైపును సగానికి కోసి అక్కడికే పాతేసి మూత వేస్తారు. ఎండాకాలంలో ఆ పైమట్టి పొడి ఇసుకలా అయిపోయాక దాని నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతుంది. బండ తగిలితే చోటు మార్చండి. గిన్నెలు కడిగే నీళ్లు, మొక్కల నీళ్లు ఇంకే మూల వెతకండి. లోతుకు వెళ్లే దారి లేకపోతే రెండు మూడు చోట్ల పాతి, మధ్యలో పైపు పొడవుకు తగ్గని దూరం ఉంచి, వాటిని కలపండి. పైపు దగ్గరి క్లాంపు కనబడేలా గుంట చుట్టూ ఇటుక కట్టు, తీయగలిగిన మూత ఉండాలి. పని అయ్యాక ఎర్త్ టెస్టరుతో కొలిపించి, అంకె కాగితం మీద రాయించుకోండి. 5 ఓమ్‌ల లోపు వస్తే మేలు. ఎండాకాలంలో కొలిస్తేనే నిజం బయటపడుతుంది.

అంత మంచి ఎర్త్ ఉంటే చాలదా అంటే, చాలదు. ఎండాకాలంలో నేల ఎండి నిరోధం 20 ఓమ్‌లకు పెరిగిందనుకోండి. ఫేజు వచ్చి గీజరు బయటి లోహపు డబ్బాకు తగిలితే 230ను 20తో భాగించగా 11.5 ఆంపియర్లే పారతాయి. 20 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు, అది కదలదు. డబ్బా మీద కరెంటు అలాగే ఉంటుంది. ఇక్కడే ఆర్‌సీసీబీ కావాలి. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేసరికి అది కన్ను మూసి తెరిచేలోగా లైను తెంచుతుంది. మనుషుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్లదే తీసుకోండి, 100 లేదా 300 వద్దు. అది అధిక లోడును చూడదు, ఫేజు, న్యూట్రల్ రెండింటినీ రెండు చేతులతో పట్టుకున్న మనిషినీ గుర్తించలేదు. అందుకే ఎంసీబీ, ఎర్త్, ఆర్‌సీసీబీ మూడూ ఉండాలి. ఒకటి ఇంకొకదానికి బదులు కాదు. ఇన్వర్టరు లైన్లకు దాని అవుట్‌పుట్ వైపు కూడా ఒక ఆర్‌సీసీబీ పెట్టించండి.

కరెంటు ఇచ్చే ముందు

బల్బులు, పరికరాలు తగిలించకముందే 500 వోల్టుల మెగ్గరుతో తొడుగు నిరోధం కొలిపించండి. ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య, ఆ రెండింటికీ ఎర్త్‌కు మధ్య కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. కొత్త వైరింగులో అంతకన్నా చాలా ఎక్కువే వస్తుంది. ఒక లైను తక్కువ చూపిస్తే ఎక్కడో స్క్రూ వైరును కొరికిందని అర్థం. తర్వాత ప్రతి సాకెట్టు ఎర్త్ రంధ్రం నుంచి గుంట దాకా దారి తెగకుండా ఉందో మల్టీమీటరుతో చూడాలి. ఈ రెండు పరీక్షలకు ఒక పూట చాలు. "అవసరం లేదండీ, లైట్లు వెలుగుతున్నాయి కదా" అంటారు. ఎర్త్ లేకపోయినా లైట్లు వెలుగుతాయి.

ఆర్‌సీసీబీ మీద చిన్న బొత్తాం ఉంటుంది. నెలకొకసారి నొక్కండి. మీట పడాలి. పడకపోతే ఆ రోజే మార్పించండి. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. వాటికి ముందు మేడ మీది, గేటు దగ్గరి పాయింట్ల మూతలు కూడా చూసుకోండి.

ఎవరికైనా షాక్ తగిలి వదలకపోతే వాళ్లను ముట్టుకోకండి. ముందు మెయిన్ దించండి. అది దూరమైతే పొడి చెక్క మీదో ప్లాస్టిక్ కుర్చీ మీదో నిలబడి, పొడి కర్రతో వైరును పక్కకు నెట్టండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు గట్టిగా నొక్కుతూ, ఇంకొకరితో 108కి ఫోను చేయించండి. వీధిలో తీగ తెగి పడితే దగ్గరికి పోకుండా, ఎవరినీ పోనివ్వకుండా 1912కు చెప్పండి. తిరుపతిలోనే ప్రధాన కార్యాలయం ఉన్న మన దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ నంబరు అది.

చివరి పని డీబీ తలుపు లోపలి వైపు. ఏ మీట ఏ గదిదో తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. "వంటిల్లు సాకెట్లు", "పడమటి గది ఏసీ", "బోరు" అని. ఇంట్లో చదవగలిగిన అందరికీ అర్థమయ్యేలా.

అక్క ఇంట్లో పాత గుంట వదిలేసి, గిన్నెలు తోమే గట్టు పక్కన కొత్తది తవ్వించాం. ఆరడుగుల దాకా బండ తగల్లేదు. అంతకన్నా లోతుకు గునపం దిగకపోతే కొట్టు నుంచి బోరు మర తెప్పించాం. ఇనుప తీగ బదులు రాగి పట్టీ వేసి, క్లాంపుకు గ్రీజు పూశాం. అక్క ఆ కట్టు చుట్టూ కనకాంబరాలు నాటింది. రోజూ పొద్దున వాటికి నీళ్లు పోస్తుంది. కిందటి మే నెలలో వెళ్లి మూత తీసి కొలిచాను. మూడు ఓమ్‌లు.